కత్తెరమ్మ తీసేసిన ముక్క

కత్తెరమ్మ చేతిలో కత్తెర ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ కోసేది పెళ్ళి వీడియోల్ని. ఫొటో స్టూడియో పైన మెట్లెక్కగానే ఎడమవైపు వాటా ఆవిడది, కుడివైపు గది నాది. మధ్యలో రెండు జతల చెప్పులు విడిచేంత జాగా. ఆ ఇరుకు పుణ్యమా అని వాళ్ళింట్లో గరిటె కిందపడినా నాకు వినిపించేది. నేను కాస్త గట్టిగా దగ్గితే ఆవిడ గోడ మీద తట్టి "బాబాయ్‌గారూ, మందేసుకున్నారా, ఎగ్గొట్టారా?" అని అరిచేది.

భర్త బతికున్న రోజుల్లో ఆయన కెమెరా పట్టేవాడు, ఈవిడ కోసేది. అవి టేపుల రోజులు. టేపు నుంచి టేపుకి ఎక్కించి అతికేవాళ్ళు. ఎక్కించిన ప్రతిసారీ బొమ్మ కొంచెం వెలిసిపోయేది. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ తీశారంటే పెళ్ళికొడుకు ముక్కు ఎక్కడ ఆగిందో, చెంప ఎక్కడ మొదలైందో తెలిసేది కాదట. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, ఆయన పోయాడు, ఈవిడ మిగిలింది. ఆయన కుర్చీనే స్క్రీను ముందుకి లాక్కుని కూర్చుంది.

పనిలో ఆవిడకి తిరుగులేదు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిన పెళ్ళికూతురు ఆవిడ చేతిలో పడితే తెల్లారి విచ్చిన పువ్వులా ఉండేది. మొటిమలు పోయేవి, కళ్ళ కింద నలుపు పోయేది, తాగి తూలిన పెద్దమనుషులు సైతం పోయేవారు. ఒకామె వచ్చి నిలదీయడం నేను చెవులారా విన్నాను.

"వీడియోలో మా అన్నయ్యేడమ్మా? పెళ్ళంతా వాడే కదా తిరిగింది!"

"ఉన్నాడు చూడండి, ఆ స్తంభం పక్కన. భుజం."

"భుజమేంటి?"

"ఆయన చేసిన గొడవ తీసేస్తే అంతే మిగిలాడండీ మరి."

ఓడల్లో పనిచేసిన రోజుల్లో నేను తిరిగిన రేవుల్లో ఒకచోట ఇలాంటి మనిషే ఉండేవాడు. పాత నూనెరంగు పటాలు బాగుచేసేవాడు. పగుళ్ళు పూడ్చమని పటం ఇస్తే, పనిలో పనిగా మశూచి మచ్చలు కూడా పూడ్చేసేవాడు. పటం తీసుకెళ్ళిన ముసలామె మర్నాడు తిరిగొచ్చి, ఈ అందగాడెవరో నాకొద్దు, మా ఆయన్ని నాకిచ్చెయ్యి అని కొట్టు ముందు కూలబడింది. అతను ఇవ్వలేకపోయాడు. పూడ్చిన రంగు గోకితే కింద రంగు కూడా ఊడొస్తుంది. ఆ కథ ఒకసారి కత్తెరమ్మకి చెప్పాను. "ముసలావిడకి కళ్ళు ఆనలేదేమో లెండి," అని కొట్టిపారేసింది.

ఆవిడకి ఒక్కడే కొడుకు. లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. కోడలు మందుల షాపులో చేసేది, బిడ్డ పుట్టాక మానేసింది. బిడ్డంటే బుడ్డోడు. వాడికి కాయితాల మీద పేరేదో ఉంది గానీ మెట్ల మీద అందరికీ బుడ్డోడే. కూర్చోబెడితే దిండుకి ఆనుకుని కూర్చునే వయసు. నేను గుమ్మంలో కనిపిస్తే పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వేవాడు. నా నోటికీ వాడి నోటికీ పెద్ద తేడా లేదు కాబట్టి జత కుదిరింది.

ఆ నవ్వు ఆగిపోయింది. ఏ రోజున ఆగిందో ఎవరూ చెప్పలేరు. ఒక్కసారిగా పోదు కదా, కొంచెం కొంచెంగా పోతుంది. ముందు నన్ను చూసి నవ్వడం మానేశాడు. తర్వాత దిండుకి ఆనించినా ఒక పక్కకి ఒరిగిపోవడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో ఉన్నట్టుండి చేతులు రెండూ విసిరి, తల ముందుకి వాల్చి, కుదుపు. మళ్ళీ కుదుపు. అయిపోయాక ఒక ఏడుపు. ఆ ఏడుపు నాకు గోడవతల నుంచి గుర్తే. ఆకలి ఏడుపు కాదు, కోపం ఏడుపు కాదు. ఏదో తప్పిపోయినవాడి ఏడుపు.

వీధి చివర డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకో డాక్టరు ఉలికిపాటు, ఈ వయసు పిల్లలకి మామూలే అన్నాడు. తలకి తీగలు అంటించి పరీక్ష చేయించారు. వాడు బల్లమీద హాయిగా నిద్రపోయాడు, పరీక్షలో ఏమీ రాలేదు. ఆ రోగం డాక్టరు ముందు ఒక్కసారీ బయటపడేది కాదు.

"పరీక్షలో రాలేదన్నారుగా. ఇంకేంటి నీ బాధ?" అనేది కత్తెరమ్మ.

"నా కళ్ళముందు వస్తోంది అత్తయ్యా."

"నీ కళ్ళకే వస్తోందేం?"

కోడలు కిటికీ గట్టుమీద నీళ్ళసీసాకి ఫోను ఆనించి, బుడ్డోడిని వెలుతుర్లో పడుకోబెట్టి, వీడియో నడుస్తూ వదిలేసేది. ఎప్పుడొస్తుందో తెలియనిదాన్ని పట్టుకోవడానికి అదొక్కటే దారి. పొద్దున్నుంచీ తీసి, ఏమీ రాకపోతే తీసింది చెరిపేసి, మళ్ళీ తీసేది. చాలాసార్లు వాడు ఫోను ఛార్జింగులో ఉన్నప్పుడే కుదుపుకునేవాడు. ఒకే ఒక్కసారి, మంచి ఎండ కిటికీలోంచి మొహం మీద పడుతుండగా, మొదలునుంచి చివరిదాకా పడింది.

పెద్దాసుపత్రిలో పిల్లల నరాల డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిణ్ణి కలవడానికి ఇచ్చిన తేదీ ఎక్కడో దూరాన ఉంది. కోడలు ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఏడ్చి, ఎలాగో ఆవిడ దాకా వెళ్ళింది. డాక్టరమ్మ కాదనలేదు. "వీడియో పంపండి, చూసి చెప్తాను," అంది. ఆసుపత్రి వాళ్ళు ఒక లింకు పంపారు. అది పెద్ద ఫైలు తీసుకోదు, నిమిషం లోపుండాలి. క్వాలిటీ తగ్గించొద్దు, శబ్దం తీసెయ్యొద్దు, మెసేజీల్లో పంపితే బొమ్మ నలిగిపోతుంది కాబట్టి లింకులోనే పెట్టండి అని చెప్పారు.

కోడలు ఆ పొడుగాటి వీడియోని అత్తగారి కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లో ఖాళీ లేక అక్కడ చెరిపేసింది.

"అత్తయ్యా, కుదుపు వచ్చిన ముక్క వరకూ కోసి పంపిస్తారా?"

కత్తెరమ్మకి ఆ మాట ఎంత బాగుందో మొహంలో తెలిసింది. ఇంట్లో మనిషి తన పనికి తన దగ్గరికి రావడం అదే మొదటిసారి. "ఇదొక పనేనా? టీ తాగేలోపు అయిపోతుంది," అంది.

అయిపోయింది కూడా. పంపించేసింది. ఇంట్లో అందరూ ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ ఎదురుచూపులో బుడ్డోడు మెడ నిలపడం కూడా మానేశాడు. ఎత్తుకుంటే తల భుజం మీదనుంచి జారిపోయేది.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. నేను వాళ్ళ గదిలోనే ఉన్నాను, టీ గ్లాసు చేతిలో ఉంది. కోడలు పైకి చదివింది. బాబు మొహం స్పష్టంగా లేదని, ఈ క్లిప్పులో కనిపిస్తున్నంతవరకూ ఉలికిపాటులాగే ఉందని, శబ్దానికి బదులు సంగీతం వస్తోందని. అసలు వీడియో ఉంటే ఈ సాయంత్రం లోపు పెట్టమని, రేపట్నుంచి తాను సెలవని, లేకపోతే ఇచ్చిన తేదీకే రమ్మని.

"సంగీతమా?" అంది కోడలు. అత్తగారి వైపు చూడలేదు. నేరుగా కంప్యూటరు దగ్గరికెళ్ళి, పంపిన క్లిప్పు తెరిచింది.

తెరమీద నల్లటి చీకట్లోంచి మెల్లగా వెలుగు విచ్చుకుంది. వెనక ఏదో పిల్లనగ్రోవి. అందులో బుడ్డోడు. బంగారు రంగులో, వెన్నముద్దలా, ఎక్కడా ఒక గీత లేకుండా. చేతులు ఎగరేశాడు, తల వాల్చాడు. చూస్తే ముద్దొచ్చేలా ఉంది.

"మూతి పక్కన దోమకాటు ఏది?" అంది కోడలు.

కత్తెరమ్మ తెరవైపు వంగింది.

"ఆ రోజు ఎర్రగా ఇంత కాటుంది అత్తయ్యా. నేనే మందు రాశాను. ఏది?"

"అదీ... ఫిల్టరమ్మా. మొహం నున్నగా చేసేది. చెయ్యి అలవాటు. తెరిచేసరికి దానంతటదే పడిపోతుంది."

"వీడు నా బిడ్డ కాదు," అంది కోడలు. అరవలేదు, అందుకే నాకు భయమేసింది. "వీడికేం జబ్బు లేదు. డాక్టరమ్మ సరిగ్గానే చెప్పింది. ఈ పిల్లాడికేం జబ్బు లేదు!"

కత్తెరమ్మ కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఆ రేవులో కొట్టు ముందు కూలబడ్డ ముసలామె గుర్తొచ్చింది. ఇక్కడ ఒకటే మేలు, కింద రంగు ఇంకా ఉంది. పెళ్ళివాళ్ళు వచ్చి చూసి సరేననేదాకా అసలు వీడియో చెరపకపోవడం ఆవిడ వృత్తిలో అలవాటు. ఆ పొడుగాటి వీడియో కంప్యూటర్లో ఎలా వచ్చిందో అలాగే ఉంది.

"జరుగమ్మాయ్," అంది కత్తెరమ్మ. "మళ్ళీ కోస్తాను. ఈసారి ముట్టుకోను."

ముట్టుకోకుండా కోయడం ఎలాగో ఆవిడకి తెలుసు గానీ ఎప్పుడూ చేయలేదు. పెళ్ళి వీడియోలో దాని అవసరం రాదు. మామూలుగా కోసినప్పుడు యంత్రం ముక్క తీసి ఊరుకోదు, బొమ్మంతా తనదైన లెక్కలో మళ్ళీ రాస్తుంది. రాసిన ప్రతిసారీ ఎంతో కొంత స్పష్టత పోతుంది, టేపుల కాలంలో పోయినట్టే, కాకపోతే తెలియకుండా.

"పెద్ద క్వాలిటీలో రాయిస్తే పోదేమో కదా?" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"పోతుంది బాబాయ్‌గారూ. ఎంత పోతుందో నాకు తెలీదు. డాక్టరమ్మ వెతికేదేంటో అదీ తెలీదు. రెండూ తెలీనప్పుడు వేలు పెట్టకూడదు."

రాయకుండా కోసే మార్గం వేరే ఉంది. ఆవిడ మొదటిసారి కోసిన చోటే గుర్తు పెట్టింది. చేతులు ఎగరడం మొదలైన క్షణం. కోసి నడిపించింది. శబ్దం వస్తోంది, బొమ్మ రాలేదు. బూడిదరంగు గళ్ళు, వాటి మధ్య ఒక చెయ్యి ముక్క, గాలిలో తేలుతున్న ఒక వేలు. బుడ్డోడి ఏడుపు మాత్రం ఆ గళ్ళ వెనకనుంచి వస్తోంది. కోడలు చెవులు మూసుకుంది.

"పాడైపోయిందా?"

"లేదు లేదు. అసలుకేం కాలేదు. ఇది కాపీ." ఆవిడ కాసేపు తెరవైపే చూసి, తనకి తాను చెప్పుకున్నట్టు అంది. "నిండు బొమ్మ మీద పడలేదు కోత."

ఏంటది అంటే చెప్పింది. ఫోను ప్రతి బొమ్మనీ పూర్తిగా దాచుకోదట, అంత చోటు ఎక్కడిది. అప్పుడప్పుడు ఒక నిండు బొమ్మ దాచుకుంటుంది. ఆ తర్వాత ఏది కదిలిందో అది మాత్రం రాసుకుంటుంది. చెయ్యి లేచింది, కన్ను మూసింది, ఇంతే. మళ్ళీ ఇంకో నిండు బొమ్మ. మధ్యలో ఎక్కడ కోసినా ముందున్న నిండు బొమ్మ లేక కదలికలు దిక్కులేనివి అయిపోతాయి. దేని చెయ్యి, ఎవరి కన్ను?

కొత్త ఊళ్ళో దిగినవాడి గురించి ఇలాంటిదే ఒకటి నాకు చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ గదిలో అప్పుడు నా ఊళ్ళకి చోటు లేదు.

"అయితే నిండు బొమ్మ దగ్గర కొయ్యండి," అంది కోడలు.

"ఈ ఫోను పిసినారిది. నిండు బొమ్మలు చాలా దూరం దూరంగా పెట్టింది. కుదుపు మధ్యలో ఒకటుంది, అక్కడ కోస్తే సగం పోతుంది. లేదంటే..." ఆగింది. "లేదంటే వెనక్కెళ్ళాలి. కుదుపుకి చాలా ముందుకి. అనవసరమైనదంతా వస్తుంది."

"రానివ్వండి. నిమిషం దాటదుగా?"

"దాటదు."

"మరి?"

కత్తెరమ్మ మౌస్ మీంచి చెయ్యి తీయలేదు, కదపనూ లేదు. కిటికీలో ఎండ పసుపు రంగుకి తిరుగుతోంది. లోపలి గదిలో బుడ్డోడు మూలిగాడు. కోడలు పరిగెత్తి, వాణ్ణి భుజానేసుకుని వచ్చింది. వాడి తల ఆ అమ్మాయి అరచేతిలో ఉంది, వేరే ఎవరిదో వస్తువులా.

"అత్తయ్యా, సాయంత్రమైపోతోంది."

"అందులో నా మాట ఉందే," అంది కత్తెరమ్మ.

"తెలుసు."

"తెలుసా?"

"ఆ రోజు అన్నప్పుడు నేనిక్కడే ఉన్నాగా."

అప్పుడర్థమైంది నాకు, మొదటిసారి ఆ ముక్క అక్కడే ఎందుకు మొదలైందో, శబ్దం తీసి పిల్లనగ్రోవి ఎందుకు వచ్చిందో. చెయ్యి అలవాటు సగం. మిగతా సగం చెయ్యిది కాదు.

"శబ్దం ఒక్కటీ తీసేస్తాను," అంది ఆవిడ. "బొమ్మకేం కాదు. ఒట్టు."

"శబ్దం ఉండాలన్నారు."

"పెద్దాసుపత్రిలో పదిమంది కూర్చుని వింటారే!"

"విననివ్వండి. మీరు నన్నంటే పోయిందేముంది? వీడు పోతాడు అత్తయ్యా."

కత్తెరమ్మ గుర్తుని వెనక్కి లాగింది. ఇంకా వెనక్కి. నిండు బొమ్మ దగ్గర అది టక్కున ఆగింది. కోసి, సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి కాబట్టి మా అందరి ముందూ నడిపించింది.

ఎండలో బుడ్డోడు. మొహం ఉన్నది ఉన్నట్టు, మూతి పక్కన ఎర్రటి కాటుతో సహా. తెర బయటనుంచి కత్తెరమ్మ గొంతు: "బిడ్డని ఎత్తుకోవడం మానేసి సినిమా తీస్తున్నావా? రోగం వాడికి కాదు, నీ బుర్రకి." కోడలి గొంతు లేదు. మళ్ళీ ఆవిడే, ఈసారి ముద్దుగా: "ఒరేయ్ బుజ్జీ, ఇటు చూడరా. నాన్నమ్మని చూడరా." చప్పట్లు. ఇంకోసారి చప్పట్లు. "చూశావా, నీ మూలంగా అలిగాడు వెధవ." ఆ తర్వాత చేతులు ఎగిరాయి. కుదుపు, కుదుపు, తప్పిపోయినవాడి ఏడుపు.

కత్తెరమ్మ ఫైలుని లింకులో పెట్టింది. నీలం గీత మెల్లగా నిండుతోంది. మధ్యలో ఒకసారి ఆగితే ఆవిడ తెర మీద అరచెయ్యి ఆనించి "పో తల్లీ, పో" అంది, మొరాయించిన బండిని తోస్తున్నట్టు.

వెళ్ళింది. తర్వాత ఇంక చేయడానికేమీ లేదు. ఆవిడ వంటింట్లోకెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కొడుకు ఎక్కడో దారిలోంచి ఫోన్ చేస్తే "లైను ఖాళీగా ఉంచాలిరా, పెట్టేయ్" అని కసిరింది. కోడలు గోడకి ఆనుకుని కింద కూర్చుంది. వాడికి అప్పుడే ఒకసారి వచ్చింది, ఆ అమ్మాయి ఒళ్ళోనే. అయ్యేదాకా నేను చూశాను. చూడకుండా ఉండడానికి ఆ గదిలో చోటు లేదు.

కింద స్టూడియో షట్టరు దించుతుండగా ఫోను మోగింది. కోడలు స్పీకరు పెట్టింది. గొంతు అలసిపోయి ఉంది, పక్కన ఎవరివో మాటలు.

"మొదట్లో పిల్లాణ్ణి పిలుస్తున్నది ఎవరు?"

కత్తెరమ్మ వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడింది. "నేనండీ. నాన్నమ్మని. ఆ మాటలు నేను..."

"మాటలు వదిలేయండి. మీరు ఏ వైపు నిలబడ్డారు?"

"తలుపు దగ్గర. వాడికి కుడివైపు."

"మామూలుగా మీరు పిలిస్తే తిరిగి చూసేవాడా?"

"చూసేవాడమ్మా. మెడ తిప్పి మరీ చూసేవాడు. మెట్ల మీద నా అడుగులు విన్నా చూసేవాడు."

"రెండుసార్లు చప్పట్లు కొట్టారు. చూడలేదు. కళ్ళు ఎడమవైపుకి లాగేసి ఉన్నాయి, మీరు కుడివైపున్నారు. ఎడమవైపు పెదవి చివర కొట్టుకుంటోంది. కాటుందే, దాని పక్కనే. గమనించారా?"

ఎవరూ గమనించలేదు. అదంతా చూస్తుండగా మేమందరం ఆ గొంతునే విన్నాం.

"కుదుపు ఆ తర్వాతే వచ్చింది. మీరు మొదట పంపినదాంట్లో కుదుపు దగ్గరే మొదలైంది, అందుకని ఉలికిపాటు అనుకున్నాను. ఇది మూర్ఛ, ఒకవైపు మొదలై పాకుతోంది. మీరు పిలిచేసరికే వాడు మీకు అందడం లేదు. అది అలక కాదు. ఇప్పుడే బయల్దేరండి, బెడ్డు నేను మాట్లాడతాను."

"ఆలస్యమైపోయిందా డాక్టరుగారూ?" కోడలు.

"రండి ముందు," అంది డాక్టరమ్మ.

వెళ్ళిపోయారు. సంచీలో ఏం పెట్టుకున్నారో వాళ్ళకే తెలీదు. ఆసుపత్రికి దువ్వెన, ఒక దిండుగలీబు, టీవీ రిమోటు వెళ్ళాయని తర్వాత తెలిసింది. కంప్యూటరు ఆర్పలేదు. తెరమీద ఆ మొదటి నిండు బొమ్మ ఆగి ఉంది. ఎండలో బుడ్డోడు, కాటుతో. అప్పటికింకా పెదవి కదలలేదు. తలుపు వేద్దామని వెళ్ళినవాణ్ణి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళాను. మందు మొదలుపెట్టారు. ఒకటి మార్చి ఇంకొకటి ఇచ్చారు. కుదుపులు తగ్గాయంటారు ఒకరోజు, మళ్ళీ వచ్చాయంటారు ఇంకోరోజు. పోయిన నవ్వు తిరిగొస్తుందా అంటే డాక్టరమ్మ మాట దాటేసింది. వచ్చినప్పుడల్లా వీడియో తీసి ఉంచమని మాత్రం చెప్పిందట.

ఇప్పుడు తీసేది కత్తెరమ్మ. జన్మలో కెమెరా పట్టని మనిషి. మంచానికి కుడివైపు నిలబడి, ఫోను ఎడమచేత్తో పట్టుకుంది.

"బాబాయ్‌గారూ, కాస్త జరగండి. వెలుతురికి అడ్డం."

జరిగాను. మంచం అవతల కోడలు కుర్చీలో కునికిపాట్లు పడుతోంది. ఆ అమ్మాయి మీద కప్పింది అత్తగారి శాలువా.

"ఎంతసేపు తీస్తారు? చార్జింగు అయిపోదూ?"

"అయిపోతే పెట్టుకుంటాను. ఎక్కడ మొదలవుతుందో మనకేం తెలుసు?" అని ఆవిడ గొంతు తగ్గించి, కుడిచేత్తో మంచం ఇనపకమ్మీ మీద తట్టింది. "ఒరేయ్ బుజ్జీ. నాన్నమ్మనిరా. ఇటు చూడు."

కాసేపాగి మళ్ళీ తట్టింది. నేనున్నంతసేపూ వాడు చూడలేదు. ఆవిడ ఫోను దించలేదు.